ఉతికేసిన సిపాయి కోటు

ఎడమ చేత్తో చొక్కా కాలరు బిగించి పట్టుకుని, కుడి చేత్తో గరుకు కాగితం పెట్టి రుద్దుతోంది ఆమె. అంచు చివికి దారాలు లేచాక, కాఫీ డికాక్షన్‌లో ముంచిన బ్రష్షుతో మెడ దగ్గర చెమట మరక దిద్దింది. కొత్త చొక్కా కాస్తా మట్టిలోంచి లేచి వచ్చిన శవం చొక్కా అయింది. జాంబీల సీరియల్‌కి బట్టలు మాపి, చింపి, పాతవిగా చేసి ఇవ్వడం ఆమె పని. ఎవరూ నేర్పలేదు. పాడు చేసి పాడు చేసి నేర్చుకుంది. స్టూడియోలో అందరూ మట్టక్క అంటారు.

ఫోన్ మోగింది. బట్టలు చూసుకునే మేనేజరు.

"అక్కా, సిపాయి కోటు ఎంతవరకూ వచ్చింది? భోజనాలవగానే షాట్."

"కాలరు మాపడం ఒక్కటే ఉంది. తెస్తున్నా."

"గుండె మీద ముద్ర జాగ్రత్త. ఇవాళ కెమెరా దాని మీదే. ఈసారి తేడా వస్తే నేను అడ్డుపడలేను. ఇంకొకళ్ళని పెట్టుకుంటారు."

సీరియల్ మొదట్లో, చచ్చి లేచినవాళ్ళు శిబిరం మీద పడ్డప్పుడు, ఆ సిపాయి తను లోపలికి దూరి ఇనుప తలుపు మూసేసుకుంటాడు. బయట మిగిలిపోయిన స్నేహితుడు ఆఖరిసారి అతని కోటు పట్టుకున్న చెయ్యి రక్తపు ముద్రగా ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్ని యుద్ధాలు చేసినా, ఎంతమందిని కాపాడినా ఆ మనిషికి కంటిమీద కునుకు లేదు. ఇవాళ తీసేది, అతను తలుపు తెరిచి ఊరివాళ్ళందరినీ లోపలికి పంపి, తను బయట నిలబడిపోయే ఘట్టం. స్నేహితుడు పోకముందు జరిగిన కథ చూపించే సీన్లకి మచ్చలేని కోటు కావాలి కాబట్టి ఆ ముద్రను ఉతికితే పోయే రంగుతోనే వేసేది. ఇంకో కోటుండేది గాని, మంటల సీనులో కాలిపోయింది.

కోటు తగిలించిన మేకు దగ్గరికి వెళ్తే మేకు ఖాళీ. వెనక వసారాలో భర్త ఇస్త్రీ చేస్తున్నాడు. బొత్తాల చుట్టూ ఇస్త్రీపెట్టె ముక్కుతో ఒత్తుతున్నాడు. కోటు గుండె కడిగిన పలకలా ఉంది.

"ఏం చేశావయ్యా!"

"పోదేమో అనుకున్నా. పోయింది."

"అది రంగు! నా పని!"

"రంగని తెలుసు."

"తెలిసీ ఉతికావా?"

అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ముందుగదిలోంచి అత్తగారు అందుకుంది. "ఉతికితే ఉతికాడులే అమ్మాయ్. ఎవరైనా మొగుడు బట్టలు ఉతకడని ఏడుస్తారు గాని!"

"మీరు టీవీ చూసుకోండి అత్తయ్యా."

"చూస్తూనే ఉన్నా. ఆ సిపాయిని మాత్రం చంపకండి, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ దృష్టిలో కొడుకు యుద్ధం గెలిచి వచ్చినవాడు. అతను తుపాకీ పేల్చింది లేదు. సైన్యం వెనకాల లాండ్రీలో పని. పోయినవాళ్ళ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, వాళ్ళ ఇళ్ళవాళ్ళకి అప్పగించేవాడు. ఆమెకు తెలిసింది అంతవరకే. ఇంకేమడిగినా లేచి వెళ్ళిపోతాడు.

మడతలు విరగడానికి కోటును ఉండ చుట్టి కాళ్ళతో తొక్కింది. సగం కోపం దాని మీదే తీర్చుకుంది. తీగబ్రష్షుతో మోచేతులు గీకి, మసీ పొడిమట్టీ పట్టించింది. అంతవరకూ చేతులకు అలవాటైన పనే. ఫోన్‌లో పాత ఫొటో పక్కన పెట్టుకుని, అరచేతికి రంగు పూసుకుని గుండె మీద అద్దింది. చిన్నపిల్ల చెయ్యిలా పడింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అద్ది, వేళ్ళు బ్రష్షుతో సాగదీసింది. కోడికాలులా తయారైంది. గుడ్డ విసిరికొట్టింది.

"ఇలా రా. నీ చెయ్యి కావాలి."

"నా వల్ల కాదు."

"చెరపడం మాత్రం వచ్చు!"

అనేసి నాలిక కరుచుకుంది. అతను స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒకసారి లాండ్రీకి అచ్చం ఇలాంటి కోటే వచ్చింది. గుండె మీద చెయ్యి. మరక కనిపించకూడదని ఆర్డరు. పోయేదాకా ఉతికాను. వాళ్ళమ్మ వచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. మొహానికి ఆనించుకుంది. 'ఇది మావాడిది కాదు నాయనా, అంతా సబ్బు వాసనే' అంది. ఎంత చెప్పినా తీసుకోలేదు." తన చేతులకేసి చూసుకున్నాడు. "మళ్ళీ అదే పని చేశాను చూడు. మేకుకి కనిపిస్తుంటే చేతులు ఊరుకోలేదు."

అతని మీది కోపం ఇంకా పోలేదు. ఆమె కోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుని అతనికి ఎదురుగా నిలబడింది.

"లోపల మనిషి లేకపోతే ముద్ర చదునుగా పడుతుంది. రంగులో ముంచి పట్టుకో."

అతను వచ్చి చెయ్యి ముంచాడు. తగిలీ తగలనట్టు ఆనించాడు.

"అది పట్టుకోవడమా, దుమ్ము దులపడమా? వదిలితే తలుపు మూసేస్తారు. అలా పట్టుకో."

ఈసారి గుడ్డ గుప్పిట్లోకి వచ్చింది. ఆమె ఒక అడుగు ముందుకు తూలింది. అతను వదల్లేదు. ఆమె కూడా వదలమనలేదు. బయట ఎవరో బండి స్టార్టు చేసి వెళ్ళిపోయారు.

చివరికి ఆమే అంది. "బొత్తాం ఊడుతుందయ్యా."

అతను చెయ్యి తీశాడు. ముద్ర పెద్దగా, ముడతలతో పడింది. చిటికెన వేలు మాత్రం సగమే ఉంది. అతని చిటికెన వేలు పూర్తిగా సాగదు. "ఇదొకటి!" అని పళ్ళు కొరుక్కుని, సన్న బ్రష్షుతో ఆ వేలు పూర్తి చేసింది. అంచులు పొడిగుడ్డతో అద్ది, పైన డికాక్షన్ పూసి రక్తాన్ని పాత మరకలా చేసింది. జుట్టు ఆరబెట్టుకునే మెషీను అతనే పట్టుకున్నాడు, దగ్గరైతే రంగు పగులుతుందని ఆమె కసురుతుంటే దూరం జరుపుతూ.

స్టూడియోకి కోటును అతనే రెండు చేతుల మీద పరుచుకుని తెచ్చాడు. మేనేజరు ఫొటో పక్కన పెట్టి చూశాడు.

"కాలరు తడిగా ఉందేంటక్కా?"

"నేను ఉతి..." అన్నాడు భర్త.

"ఫ్యాను కింద పెట్టు, ఆరిపోతుంది," అందామె గట్టిగా.

"బొటనవేలు ముదురుగా ఉంది. ఫొటోలో ఇలా లేదు."

"గట్టిగా పట్టుకున్నవాడి బొటనవేలు అలాగే పడుతుంది. ఫొటోలోదే నేను సరిగ్గా వెయ్యలేదు."

మేనేజరు ముద్రను ఇంకోసారి చూశాడు. "డైరెక్టరు అడిగితే నీ పేరే చెప్తా."

"చెప్పు."

మేనేజరు కోటు అందుకోబోయాడు. భర్త వెంటనే ఇవ్వలేదు.

"మడత పెట్టకండి," అన్నాడు. "ముద్ర నలుగుతుంది."

మేనేజరు కూడా రెండు చేతులూ చాపాడు. కోటు ఆ చేతుల మీదికి మారింది. దాన్ని అలాగే పరుచుకుని, మోచేత్తో తలుపు తోసుకుంటూ సెట్ లోపలికి వెళ్ళాడు.