ఖాళీగా వదిలిన రెండు గడులు

ఆ రోజుల్లో లోకాన్ని మార్చడానికి నాకు ఆదివారాలు సరిపోయేవి కావు. (ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, ఫోన్లో మ్యాపులు చూసుకునే రోజులే. మనిషికి తన తెలివి మీద అనుమానం పుట్టకముందు గడిచిన కాలమంతా నా లెక్కలో 'ఆ రోజులే'.) కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం, కిష్టారెడ్డిపేటలో ఇద్దరు మిత్రులతో కిరాయి గది, సెలవు దొరికితే సంగారెడ్డిలో హేతువాద సభ. సభల్లో మాట్లాడి మాట్లాడి, గదిలో ఏ కూర వండాలన్నా ప్రతిపాదించి, చర్చించి, తీర్మానించడం అలవాటైంది. అందుకే మిత్రులు నన్ను 'తీర్మానం' అని పిలిచేవారు. ఆ ఇద్దరిలో ఒకడు బావ. ప్లాంటు ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాడిది, కనిపించిన ప్రతివాణ్ణీ బావా అనేవాడు. రెండోవాడు పాస్టర్. నిజానికి వాడూ మాలాగే కంపెనీలో కెమిస్టే. కానీ అన్నం ముందు కూర్చుంటే కళ్లు మూసుకుని, కూర చల్లారేదాకా తెరిచేవాడు కాదు.

ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకడు లేచిన పక్క మీదే ఇంకొకడు పడుకునే బతుకు. ముగ్గురం కలిసి ఒక పూట తిన్నది ఎప్పుడో గుర్తులేదు. ఇంతలో బావకు విశాఖలో వేరే ఉద్యోగం ఖాయమైంది. "పొయ్యేలోపట ముగ్గురం ఎటన్న దూరం పోదాంరా, మళ్ల కల్వం," అన్నాడు పాస్టర్. దూరమంటే దుబాయి అని తేలింది. ఎవరెవరినో బతిమాలి షిఫ్టులు మార్చుకుని, ముగ్గురం ఒకే వారం సెలవు సంపాదించాం. అదొక్కటే మా చివరి అవకాశమని ముగ్గురికీ తెలుసు.

ఏర్పాట్లన్నీ నేనే నెత్తికెత్తుకున్నాను. మా ల్యాబులో కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క కాబట్టి ఇరవై మూడు పేజీల ఫైలు తయారైంది. ఏ రోజు ఏ బస్సు, ఏ రేవులో ఏ పడవ, శాకాహారి అయిన బావకు ఎక్కడ భోజనం, అన్నీ అందులో ఉన్నాయి. ప్రయాణం మంగళవారమన్నాను. "మంగళవారం వద్దు బావా, మా అమ్మ ఒప్పుకోదు," అన్నాడు బావ. వారాలకు మంచిచెడ్డలు ఎలా అంటగట్టారో ఇరవై నిమిషాలు చెప్పాను. మంగళవారమే ఖాయమైంది. (మిగతా రోజులన్నీ అంతే బాగున్నాయి. అయినా మంగళవారమే కావాలని పట్టుబట్టింది ఎందుకో చదివేవారికి అర్థమయ్యే ఉంటుంది.) వీసా కోసం గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసొద్దామని బావ అంటే, కాళ్లనొప్పులు వస్తాయి గాని వీసా రాదన్నాను. పాస్టర్ మూడు పాస్‌పోర్టులూ ఒకచోట పెట్టి ప్రార్థన చేస్తుంటే, "కాగితాలు సరిగ్గ ఉంటే దేవునితోని పనే లేదు. సరిగ్గ లేకుంటే దేవుడు గూడ ఏం జెయ్యలేడు," అన్నాను. ఆ మాట నాకే ఎంతో నచ్చి, ఫైలు అట్ట మీద రాసుకున్నాను కూడా.

పటాన్‌చెరు బస్టాండు ఎదుట మేడ మీద ఒక ట్రావెల్ ఏజెంటు ఉండేవాడు. బావ పాస్‌పోర్టు చూశాడు, పాస్టర్‌ది చూశాడు, నాది పట్టుకుని ఆగిపోయాడు.

"ఏందన్నా, ఇంటిపేరు గడి ఖాళీ ఉన్నది?"

"ఖాళీ కాదు. తీసేసిన."

"ఎందుకు?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూసేవాణ్ణి నేను. ఇంటిపేరు చెప్పగానే కులం ఎలా బయటపడుతుందో, పంతొమ్మిదో ఏట నిండు సభలో నేను దాన్ని ఎలా విడిచిపెట్టానో, ప్రమాణ పత్రంతో సహా వివరించాను. అతను చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. "మస్తు చెప్పినవన్నా. కానీ ఒక్క పేరుంటే ఆ దేశపోళ్లు రానియ్యరు. పరేషాన్ గాకు, ఎనక పేజీల నాయిన పేరుంటే దాంతోని నడుస్తది," అంటూ వెనక్కి తిప్పాడు. అక్కడ అమ్మ పేరొక్కటే ఉంది.

అతని గొంతు తగ్గింది. "నాయిన లేడా అన్నా?"

"ఉన్నడు."

"మరి?"

పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు కాబట్టి, తరతరాల అన్యాయానికి జవాబుగా అమ్మ పేరొక్కటే రాశానన్నాను. ఈ ఉపన్యాసం మొదటిదంత ధాటిగా సాగలేదు.

ముందు నవ్వింది బావే. "రెండు తలుపులకీ లోపల్నుంచి నువ్వే గడియ పెట్టుకున్నావు కదరా బావా!"

"బాప్తిస్మం తీస్కో, కొత్త పేరిస్తరు," అన్నాడు పాస్టర్. "ఈ ఆదివారం ఖాళీనే ఉన్నది."

"కాదు, మా ఇంటికి దత్తతొచ్చెయ్. మా అమ్మకి నువ్వంటే ఇష్టమే, మంగళవారం సంగతి తెలీదు గాని."

మెట్లు దిగేసరికి ఎవరికీ నవ్వు మిగల్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరో, నాన్న పేరో చేర్పించి, జల్దీ తెస్తే చూద్దామన్నాడు ఏజెంటు. నాన్న కాగితాల కోసం ఆ సాయంత్రమే పటేల్‌గూడ వెళ్లాను.

నాన్న అక్కడి పెద్ద ప్లాంటులో లేతు మిషను మీద పనిచేసి రిటైరైనవాడు. నేను వెళ్లేసరికి తలుపు బందులకు నూనె వేస్తున్నాడు. విషయమంతా చెప్పాను. ముందు అమ్మ అందుకుంది. "నా పేరొక్కటే పెట్టినవా? నన్నడిగినవా?" స్త్రీల హక్కుల మీద గంటసేపు మాట్లాడగల నాకు, ఆ స్త్రీని అడగాలని తోచనే లేదు.

నాన్న నూనె డబ్బా కింద పెట్టాడు. "ఇంటిపేరు ఎందుకు తీసినవో ఆ దినం సభల చెప్పినవు. ఎనక వరుసల కూసోని విన్న."

నాన్న వచ్చిన సంగతే నాకు తెలియదు.

"గట్ల తీసుడు తప్పని ఇప్పుడు అనిపించిందా?"

"లేదు."

"మరి విమానం కోసం పెట్టుకుంటవా? పెట్టకు." తలుపు ఒకసారి వేసి తీసి చూశాడు. "నా పేరు సంగతి వేరే. అది కులం పేరు గాదు గద. దాన్నెందుకు తీసినవ్‌రా?"

నాన్న కాగితాలు అడిగి తీసుకున్నాను.

మర్నాడే దరఖాస్తు పెట్టాను. ఇంటిపేరు గడి ఖాళీగానే వదిలి, అమ్మ పేరు పైన నాన్న పేరు చేర్చమన్నాను. పోలీసు విచారణ అయింది, పాస్‌పోర్టు మాత్రం ప్రయాణం నాటికి రాలేదు. "నువ్వు లేకుంట ఎట్ల పోతంరా, మేం గూడ ఆగుతం," అన్నాడు పాస్టర్. మళ్లీ ముగ్గురికీ సెలవు దొరికేసరికి బావ ఇక్కడ ఉండడు. పొమ్మని నేనే గట్టిగా చెప్పి, హైవే మీద బస్సు ఎక్కించి, ఫైలు చేతికిచ్చాను. ఆ రోజు మంగళవారం. బావ దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే నాకు బాగుండేది.

మూడో రోజు, సెలవు రద్దు చేసుకుని నేను ల్యాబులో సీసాలు కడుగుతుంటే ఫోన్ చేశారు. తెర నిండా నీళ్లు, వాటి మీద పడవ. "తీర్మానం, నువ్వు రాసిన పడవే ఎక్కినం," పాస్టర్ గాలికి అరుస్తున్నాడు. "అన్నీ నువ్వు రాసినట్టే ఉన్నయిరా. వాదించెటోడే లేడు. జెర బోర్ కొడ్తుంది!" బావ ఫోను నీళ్ల వైపు తిప్పి అలాగే పట్టుకున్నాడు. తిరిగొచ్చిన వారానికి విశాఖ వెళ్లిపోయాడు. ముగ్గురం మళ్లీ ఒకచోట కూర్చున్నది లేదు.

వాడు వెళ్లాకే కొత్త పాస్‌పోర్టు వచ్చింది. తీసుకెళ్లి నాన్నకిచ్చాను. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, వెనక పేజీ తీసి, తన పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు. తర్వాత ముందు పేజీ తిప్పి నా ముఖం చూశాడు.

"ఫోటోల జెర నవ్వచ్చు గదరా."

పాస్‌పోర్టు ఫొటోలో నవ్వరాదనే నిబంధన ఉందని చెప్పబోయాను. ఆధారాలతో సహా నాకు తెలుసు. చెప్పలేదు. ఇప్పుడు ఎప్పుడైనా ఆ పుస్తకం తెరిస్తే, లోకాన్నంతా నిలదీస్తున్నట్టు గుడ్లురిమి చూసే ఆ కుర్రాడు కనిపిస్తాడు. వాణ్ణి చూస్తుంటే, ఆ రోజు నాన్న అడిగిన నవ్వు ఇన్నాళ్లకు వస్తోంది.