బెల్లం వేలిముద్ర

మొన్న ఆదివారం అటక మీది ట్రంకుపెట్టె దింపి, నా ఏడో తరగతి ఇంగ్లీషు నోటుబుక్కు తెరిస్తే బెల్లం వాసన వచ్చింది. లేక నాకే అలా అనిపించిందో.

చలికాలం వస్తే అనకాపల్లిలో మా వీధంతా ఆ వాసనే ఉండేది. బెల్లం మార్కెట్లో కాటా వేసే నాన్న చొక్కాకీ, ఆయన వెంటే ఇంటికొచ్చే ఈగలకీ, మేం తొక్కుడుబిళ్ల ఆడుకునే మట్టికీ కూడా. మేరీ టీచరు రోజూ ఐదు ఇంగ్లీషు పదబంధాలు బోర్డు మీద రాసి, "గైడులో రాము, సీత నాకొద్దు. మీ ఇంట్లోవాళ్ల మీద సొంత వాక్యాలు రాయండి" అనేవారు. ప్రతి పేజీ కిందా ఇంట్లో పెద్దవాళ్ల సంతకం ఉండాలి. క్లాసులో నోరు విప్పలేని నేను కాగితం దొరికితే మాత్రం ఆగేదాన్ని కాదు. "ఇన్ స్పైట్ ఆఫ్" ఇచ్చిన రోజున, షుగరున్నా మా నాయనమ్మ బియ్యం డబ్బాలో బెల్లం దాచుకుని తింటుందని ఒక్క తప్పు లేకుండా రాసి మురిసిపోయాక గుర్తొచ్చింది, "మీ అయ్యకి సెప్పకే నా తల్లే" అని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుందని. పెన్నుతో రాసేశాను. కొట్టేస్తే టీచరు ఊరుకోరు.

సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే, పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాయనమ్మ వైపు చూడలేక తల దించుకున్నాను. "జాగరీ" దగ్గర వేలు ఆగింది.

"ఏటే, మీ నాయనమ్మ బెల్లం గురించి రాసేవా?"

చిక్కుడుకాయలు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న మాత్రం నవ్వేశారు.

"అమ్మా, నువ్వు దాసిన బెల్లం అచ్చు ఎప్పుడో తీసేసేను. రోజూ ఆ డబ్బాలో ముక్క పెడతన్నది నానే."

"ఓరి నీ అసాధ్యం కూలా! అందుకేనా, ముక్క రోజురోజుకీ సిక్కిపోతంది!"

"డాక్టరుగారు ఉసిరికాయంతే తినమన్నారు మరి."

నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఏడుపెందుకే పిచ్చిదానా, నా కతే కదా, సంతకం నాను కూడా పెడతాను" అని, డబ్బాలోంచి ఆ రోజు ముక్క తెచ్చి నోట్లో వేసుకుని, జిగటగా ఉన్న బొటనవేలు నాన్న సంతకం పక్కనే నొక్కింది. గుండెల మీంచి గోనెబస్తా దించినట్టయింది నాకు.

ఇప్పుడు పరవాడలో ఒక కంపెనీ ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తుంటాను. రెండు మాటలు కొడితే మిగతా వాక్యం కంప్యూటరే అందిస్తుంది. తప్పులుండవు, మా ఇంటివాళ్లూ ఉండరు. నాయనమ్మ లేదు. ఆ వేలిముద్రని పురుగులు ఎప్పుడు తినేశాయో, అక్కడ బొటనవేలంత చిల్లు ఉంది. అందులోంచి కింది పేజీలో, మర్నాడు బెరుకు లేకుండా రాసిన వాక్యం ముక్క కనబడుతోంది: మళ్లీ నాయనమ్మ మీదే.