అల్ వక్రాలో ఆరుగురి మేళం

మొన్న శుక్రవారం దోహాలో, అల్ సద్ సిగ్నల్ దగ్గర కారు ఆపుకుని ఉన్నాం. రేడియోలో ఏదో పాత జాజ్ బాణీ వస్తోంది. పచ్చ లైటు పడిందట, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయట, నాకేమీ వినబడలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "స్టీరింగు మీద ఆ వేళ్ళ ఆటేమిటండీ? ముందు బండి పోనివ్వండి" అంది. చూసుకుంటే నా కుడిచేయి స్టీరింగును బాంజో అనుకుని దరువు వేసేస్తోంది. బాంజో ముట్టుకుని ఆరేళ్ళు దాటింది. చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను జాజ్ బ్యాండులో బాంజో వాయించేవాణ్ణంటే మా పాలకొల్లు వైపు ఇప్పటికీ ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు మా మేనమామ దగ్గర నేర్చుకున్నది మాండలిన్. ఖతార్ వచ్చి ఓ కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో కుదురుకున్నాక, ఆఫీసు విందులో ఏదో సరదాకి దాన్ని వాయించాను. మా కంపెనీకి సలహాదారుగా వచ్చే ఐర్లండ్ పెద్దాయన అది విని, వారం తిరక్కుండా ఒక బాంజో తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. డప్పుకు మెడ అతికించి తీగలు కట్టినట్టుంటుందది. "మాండలిన్ వాయించేవాడు ఇది వాయించలేకపోతే నేరం వాడిదే" అన్నాడు ఇంగ్లీషులో. ఆయన ట్రంపెట్ ఊదేవాడు. ఆయన చుట్టూ అప్పటికే ఒక బ్యాండు తయారై ఉంది. ట్రాంబోన్, అంటే గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే బాకా, గోవా అన్నయ్యది. ఆయనకు మందుల షాపులో పని. డ్రమ్స్ ఫిలిప్పీన్స్ చెల్లెమ్మవి, ఆసుపత్రిలో నర్సు. సూది గుచ్చేటప్పుడు ఎంత మెత్తగా ఉంటుందో తెలీదు గానీ డ్రమ్ముల మీద మాత్రం జాలి చూపించేది కాదు. శరీరానికి చుట్టుకునే ఆ పెద్ద ఇత్తడి బాకా, ట్యూబా అంటారు, దాన్ని మోసేవాడు శ్రీలంక తమ్ముడు. స్కూలు బస్సు డ్రైవరు. క్లారినెట్ ఒక జర్మన్ ఇంజనీరుది.

శుక్రవారం మధ్యాహ్నాలు అల్ వక్రాలో పెద్దాయన అద్దెకున్న విల్లాలో చేరేవాళ్ళం. వచ్చిన మగవాళ్ళను కూర్చోబెట్టడానికి ఇక్కడి ఇళ్ళలో మజ్లిస్ అని ఒక గది ఉంటుంది. గోడల వెంట పరుపులు, నేల మీద తివాచీ. మా మోతను ఆ పరుపులు సగం మింగేవి. మిగతా సగం కిటికీలోంచి చేపల రేవు వైపు పోయేది. ఈ సంగీతంలో ఒక పద్ధతుంది. ట్రంపెట్ పాట చెబుతుంది. ట్రాంబోన్ కిందనుంచి ఊఁ కొడుతుంది. క్లారినెట్ ఆ రెండిటి చుట్టూ తీగలాగా అల్లుకుంటుంది. వెనక మేం ముగ్గురం తాళం జారిపోకుండా పట్టుకుంటాం. ఎవరి ముందూ కాగితం ఉండదు. విని పలకడమే.

అలాంటి బ్యాండులోంచి ఒక శీతాకాలం జర్మన్ ఇంజనీరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. వెళ్తూ తన పాత క్లారినెట్‌ను మాకే వదిలిపెట్టాడు. సరిగ్గా నెల తర్వాత గోవా అన్నయ్య కూతురి పెళ్ళి. పిల్ల కారు దిగిన దగ్గర్నుంచి విందు హాలు వరకు మేం ముందు నడుస్తూ వాయించాలన్నది ఆయన కోరిక. ముందు నిదానంగా సాగే ఒక ప్రార్థన బాణీ, గుమ్మం దాటగానే హుషారైనది. పిల్ల పుట్టినప్పటి నుంచీ అనుకుంటున్నాడట. క్లారినెట్ లేకుండా వాయించి చూశాం. ఎలా వచ్చిందో చెప్పను. వాయించడం అయ్యాక గోవా అన్నయ్య ట్రాంబోన్ తుడుచుకుంటూ, "పోనీలే, కేకు పెద్దది చెప్పాను" అన్నాడు. ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు.

ఉమ్ ఘువైలినాలో ఒక టైలరు దగ్గర పెళ్ళికని మాకు ఒకే రకం కోట్లు, చేతుల్లేనివి, కుట్టిస్తున్నాం. కొలతలిస్తూ ఆ నిదానం బాణీని నాలో నేను కూనిరాగం తీస్తున్నాను. ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చి బల్ల మీద కూర్చున్న మనిషి ఒకడు శ్రద్ధగా విని, "ఊపిరి యాడ తీస్కుంటరు సారూ అండ్ల?" అని అడిగాడు.

నేను తిరిగి చూశాను. పాట బాగుందా, ఎక్కడిది అని ఎవరైనా అడుగుతారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలని అడిగేవాడు ఊదేవాడే అయి ఉండాలి.

"ఏం ఊదేవాడివి తమ్ముడూ?"

"క్లారినెట్. మా మామ బ్యాండు పార్టీల పన్నెండేండ్లు ఊదిన. ఎర్ర కోటు, భుజాల మీద జరీ. ఇడిసిపెట్టి తొమ్మిదేండ్లాయె."

ఊరు జగిత్యాల దగ్గర. ఇక్కడ సైటులో ఇనుప కడ్డీలు కట్టే పని. అరచేతులు చూపించి, "ఇగ ఇవి మీటల మీద యేడ ఆగుతయ్ సారూ?" అని నవ్వాడు. నేను టైలరుకు మిగతా కొలతలు చెప్పకుండానే అతన్ని కారెక్కించాను. నా కోటు ఒక చంక దగ్గర బిగుతు కావడానికి కారణం అదే.

మొదటి రోజు ఘోరంగా గడిచింది. వాళ్ళ మేళం క్లారినెట్‌కూ జర్మన్ క్లారినెట్‌కూ మీటల అమరిక వేరు. వేలు ఒకచోట పెడితే స్వరం ఇంకోచోట పలికింది. అది రెండు వారాల్లో సర్దుకుంది. కార్మికుల క్యాంపులో గదికి ఎనిమిది మంది, అందుకని స్నానాల గదిలో నిలబడి సాధన చేశాడట. బయట తువ్వాళ్ళతో వరసలో నిలబడ్డ నేపాలీలు మొదట తిట్టి, తర్వాత తమ పాటలు అడగడం మొదలుపెట్టారట. అసలు చిక్కు వేరే ఉంది. పెళ్ళి మేళంలో క్లారినెట్టే నాయకుడు, పాట చెప్పేది అదే. మా దగ్గరికొచ్చి కూడా ట్రంపెట్ మీద పడి పాటంతా తానే చెప్పేవాడు. పెద్దాయన మొహం ఎర్రబడేది. అంతకంటే గట్టిగా ఊదేవాడు. ఇతను ఇంకా గట్టిగా ఊదేవాడు. డ్రమ్స్ చెల్లెమ్మ కర్రలు కింద పెట్టి టీ తాగేది. పెళ్ళి వారం ఉందనగా పెద్దాయన ఇంగ్లీషులో ఏదో దీర్ఘంగా బోధించి, నన్ను తెలుగు చేయమన్నాడు. నేను సగం కూడా చెప్పలేదు.

"తమ్ముడూ, ట్రంపెట్ పెళ్ళికొడుకు. నువ్వు బారాత్‌లో ఆయన ముందు చిందులేసే బామ్మర్దివి. పెళ్ళికొడుకు దారి తప్పడు, తన దారిన తను పోతాడు. నువ్వు ఎగురు, దూకు, చుట్టూ తిరుగు. ఆయన గుర్రం మాత్రం ఎక్కకు."

"గట్ల జెప్పరాదుండ్రి సారూ మొదాలే!" అని క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ట్రంపెట్ తన మానాన తను నడిచింది. దాని కాళ్ళ సందుల్లోంచి, భుజాల మీదుగా, ముందుకురికి వెనక్కి వచ్చి, ఇంత అల్లరి చేసింది క్లారినెట్. పాట అయ్యాక పెద్దాయన ట్రంపెట్ పక్కన పెట్టాడు. లోపలికెళ్ళి, తాను పండగలకు దాచుకునే బిస్కెట్ల డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాడు.

పెళ్ళి రోజు శుక్రవారమే అయినా సైటులో కాంక్రీటు పని పడింది. నాలుగింటికి పిల్ల కారు వచ్చి ఆగింది. మా క్లారినెట్ రాలేదు. ఫోను ఎత్తడం లేదు. గోవా అన్నయ్య ట్రాంబోన్ పట్టుకుని ఒకసారి కారు వైపు, ఒకసారి గేటు వైపు చూస్తున్నాడు. కారు అద్దం కిందికి దిగింది. "ఐదుగురితో వద్దు నాన్నా, నేను కూర్చుంటాను" అంది పిల్ల. తెల్ల గౌనులో అలాగే ఇరవై నిమిషాలు కూర్చుంది. అప్పుడొచ్చాడు, బస్సు దిగి ట్యాక్సీ పట్టుకుని, సైటు బట్టల్లోనే, కనుబొమల మీద సిమెంటుతో. "యల్లా, యల్లా!" అని పెద్దాయన అరుస్తుంటే, ఆ దుమ్ము బట్టల మీదే కొత్త కోటు తొడుక్కుని వరసలో నిలబడ్డాడు.

నిదానం బాణీతో బయలుదేరాం. వెనక పిల్ల అడుగులో అడుగేసి వస్తోంది. నలభై అడుగులు నడిచామో లేదో, ట్రాంబోన్ గొంతు వణికింది. ఊదేవాడికి పెదవులు బిగువుగా ఉండాలి. ఏడుపు ముంచుకొచ్చినవాడి పెదవులు మాట వినవు. రెండు స్వరాలు పగిలాయి, మూడోది రానే లేదు. అంతలో క్లారినెట్, పైన ఎక్కడో పిట్టలా తిరుగుతున్నది, ఒక్కసారిగా కిందికి దిగింది. అంత లోతు స్వరం ఆ వాయిద్యంలో ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. అతను నడుస్తూనే జరిగి గోవా అన్నయ్య భుజానికి భుజం ఆనించి, ట్రాంబోన్ పలకాల్సిందంతా తానే పలికాడు. అన్నయ్య ట్రాంబోన్ పెదవుల దగ్గరే పెట్టుకుని, హాయిగా, ఎవరికీ తెలియకుండా, గుమ్మం దాకా ఏడ్చాడు. గుమ్మం దాటగానే చెల్లెమ్మ డ్రమ్ము మీద ఒక్కటి వేసింది. అంతే, హుషారు బాణీ. ట్రాంబోన్ ఏనుగులా ఘీంకరించింది. మా జగిత్యాల తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి వాలి, క్లారినెట్ ఆకాశానికెత్తి ఊదాడు. గోవా పెద్దమ్మలు చెప్పులు విడిచి నాట్యం చేశారు. పిల్ల గౌను అంచుకు సిమెంటు అంటింది. ఆమె దాన్ని దులుపుకోలేదు.

తర్వాత బిర్యానీ దగ్గర అడిగాను, "నీకెలా తెలిసిందయ్యా ఆయన ఆగిపోతాడని?"

"ఎన్ని అప్పగింతలు జూసిన సారూ. ఆడివిల్ల తండ్రి ఏడిస్తే మేళం ఆగొద్దు. మేళం ఆగితే ఆయన ఏడ్సుడు అందరికి ఇనవడ్తది."

రెండేళ్ళు మాతో ఉన్నాడు. సైటు పని పూర్తయ్యాక ఊరికి పోయి, మామ పార్టీని తనే నడుపుతున్నాడు. ఈమధ్య ఒక వీడియో పంపాడు. ముందు ట్రంపెట్లు సినిమా పాట చెబుతుంటే, అతని క్లారినెట్ వాటి చుట్టూ ఎగిరి దూకుతోంది. దాన్ని 'దుబాయ్ స్టైల్' అంటారట, పెళ్ళిళ్ళకు ముందే మాట్లాడుకుంటారట. పెద్దాయన రిటైరై ఐర్లండ్‌లో తోట పెంచుకుంటున్నాడు. చెల్లెమ్మ ఇంకో దేశం ఆసుపత్రిలో ఉంది. బస్సు తమ్ముడు, గోవా అన్నయ్య ఎవరి ఊరికి వాళ్ళు చేరారు. నేనొక్కణ్ణే ఇక్కడ మిగిలాను. ఆరుగురం కలిసి వాయించిన గంటలన్నీ కూడితే నెల రోజులు కూడా అవవేమో. నా వయసెంతని ఎవరైనా అడిగితే మాత్రం, నేను బతికిన కాలంగా ముందు ఆ గంటలే గుర్తుకొస్తాయి, మిగతా ఏళ్ళు నెమ్మదిగా వాటి వెనక వచ్చి నిలబడతాయి.