టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

ఆ రోజుల్లో నేను తెలుగు మాట కోసం మొహం వాచి ఉండేవాణ్ణి. దేశంకాని దేశం. వారమంతా పాయా లేబర్‌లో ఆఫీసు, ఆ తర్వాత చోవా చూ కాంగ్‌లో అద్దె గది. ఇంటి యజమానురాలు మంచిదే, కానీ మా ఇద్దరి మధ్య మాటలన్నీ వాషింగ్ మెషిన్ గురించే. ఆదివారం క్రాంజీ వైపు ఒక అద్దె మైదానంలో మా తెలుగువాళ్ళ ఫుట్‌బాల్ జట్టు ఆడేది. నేను గోల్‌కీపర్‌ని. గొప్ప ఆటగాణ్ణేం కాదు. ఆట అయ్యాక, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో అందరం ఒకే బల్ల చుట్టూ చేరి తినే ఆ కాసేపటి కోసమే బంతికి అడ్డం పడేవాణ్ణి.

ఇక్కడ కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెడితే చాలు, అది మనదైపోయినట్టే. చోప్ చెయ్యడం అంటారు. ఎంత ఆకలి మీదున్నవాడైనా దాన్ని కదపడు. మా డిఫెండర్‌ది కర్నూలు. అందరికంటే ముందు వెళ్ళి తన పక్క కుర్చీ నాకోసం పట్టి ఉంచేవాడు. "రాన్నా, నీ సీటు చోప్ చేసినా!" అని దూరం నుంచే కేకేసేవాడు. వారం మొత్తంలో నన్ను రమ్మని పిలిచే గొంతు అదొక్కటే.

మా కోచ్ ఇటలీ పెద్దాయన. కూతురి దగ్గర ఉండటానికి వచ్చి, పక్క మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతుంటే బతిమాలి తెచ్చుకున్నాం. ఆయనా ఒకప్పుడు గోల్‌కీపరే. చిన్న ఊళ్ళ క్లబ్బుల్లో రెండో గోల్‌కీపర్‌గా ఏళ్ళ తరబడి బెంచీ అరగదీశాడట. తర్వాత జట్లను నడిపే మేనేజర్ అయ్యాడు. ఒక క్లబ్బును పై డివిజన్‌కు చేరిస్తే ఊరంతా భుజాల మీద మోసింది. మరుసటి ఏడాది ఆ ఊరే సాగనంపింది. అలా ఎన్ని ఊళ్ళు తిరిగాడో. "గోల్‌కీపర్‌కి ఆట మొత్తం కనబడుతుంది, అందుకే మేనేజర్‌గా పనికొస్తాడు. ఒంటరిగా నిలబడటం కూడా ముందే అలవాటై ఉంటుంది" అనేవాడు వచ్చీరాని ఇంగ్లీషులో. ముసలాయన గొప్పలు పోతున్నాడని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆయన మాతో కూర్చుని తినేవాడు కాదు. ఫ్యాను కింద వేరే బల్ల చూసుకునేవాడు. పైగా ఎదుటి కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్. జనం కిటకిటలాడుతుంటే ఒక్క మనిషికి రెండు కుర్చీలేమిటని నాకు ఒళ్ళు మండేది. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను.

"ఒకరు వస్తారు" అన్నాడు.

కూతురు కాబోలనుకున్నాను. ఆవిడ రావడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

కూతురికి బదిలీ అయి ఆయనా వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ జట్టును నా నెత్తిన పెట్టాడు. అప్పటికే నా మోకాలు మొరాయిస్తోంది. మేనేజర్ అనిపించుకోవడం బాగానే ఉండింది, అబద్ధమెందుకు. ఇంతలో తెలుగు జట్ల పోటీలొచ్చాయి. కర్నూలు వాడిలో వేగం తగ్గింది. ఇన్నాళ్ళూ గోల్ దగ్గర నిలబడి వాడి వీపే చూసినవాణ్ణి, నాకు తెలియదా? వాణ్ణి పక్కన పెట్టి, మలేషియాలో పుట్టి పెరిగిన కొత్తతన్ని దింపాను.

పేర్లు చదవగానే కర్నూలు వాడు బూట్లు విప్పేసుకున్నాడు. "ముందే చెప్పింటే నేనే కూచునేవాణ్ణి కదన్నా. ఇట్ల అందరి ముందర చేస్తివే" అన్నాడు.

గెలిచాం. "సూపర్ లా అన్నా!" అని కొత్తతను తన మలేషియా యాసలో అరిచి నన్ను వాటేసుకున్నాడు. వలలు విప్పి సర్దేసి, నేను కాస్త వెనగ్గా హాకర్ సెంటర్‌కి చేరాను. బల్ల నిండిపోయి ఉంది. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, మెచ్చుకున్నారు కూడా. కానీ కర్నూలు వాడి పక్కన ఎవరో కూర్చున్నారు. నాకోసం ఎక్కడా ప్యాకెట్ లేదు. వాడు ప్లేటులోంచి తలెత్తలేదు. ఈ వయసులో ఒక కుర్చీ కోసం ఏడుపొచ్చింది నాకు.

ప్లేటు పట్టుకుని ఫ్యాను కింద బల్లకి వెళ్ళాను. అక్కడ కూర్చుంటే మా బల్ల మొత్తం కనబడుతుంది. పెద్దాయన ఎన్ని ఊళ్ళలో, ఎంతమంది ఆటగాళ్ళ కోసం ఇలా కూర్చున్నాడో. జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఎదుటి కుర్చీ మీద పెట్టాను.

నా ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఓపిక పట్టిన ఒక ఆంటీ, ట్రేతో దగ్గరికొచ్చి, ఇక్కడెవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఒకరు వస్తారు" అన్నాను, కర్నూలు వాడి వైపే చూస్తూ.