ఉప్పూ తవుడూ

పశువుల డాక్టరప్ప మా మోక ఊరికి వచ్చి, ముసలోళ్ళను అడిగి పాతకాలం మందులు రాసుకుంటున్నాడు. ఆయన ఉండగానే మా ఆవు ఈనింది గానీ దూడను దగ్గరికి రానివ్వలేదు. నేను దూడ ఒంటిమీద ఉప్పూ తవుడూ చల్లాను. ఉప్పుకు ఆశపడి ఆవు నాకుతుంది. నాకిందంటే ఇంక దూడను వదలదు.

ఆ తడి తవుడు వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది.

చెల్లెలు పుట్టినప్పుడు అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ ఎంత ఏడ్చినా పాలివ్వలేదు. మా అవ్వ ఆవులకు చేసే మందు నేను చూసినదాన్నే కదా! చెల్లెలి పొట్టకు ఉప్పూ తవుడూ పూసి అమ్మ పక్కన పడుకోబెట్టాను.

"నాకమ్మా దీన్ని. నాకితే ఇంక వదల్లేవు," అన్నాను.

"అయ్యో, ఏం పని చేసినావే పిచ్చిదానా!"

అమ్మ లేచి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది. ఏడుస్తూనే పాలిచ్చింది. ఉప్పు కంట్లో పడిందేమో అనుకున్నాను నేను.

"హౌదా అవ్వా, నిజంగా ఈ మందు పనిచేస్తాదా?" అన్నాడు డాక్టరప్ప.

పక్కనే నిలబడిన చెల్లెలి వైపు చూశాను. దానికీ తల నెరిసింది. మా ఆయన పోయినప్పటి నుంచి నాకింత ముద్ద కలిపి పెడుతున్నది అదే.

"చేస్తాదప్పా, రాసుకో," అన్నాను.