పచ్చ అని రాసిన చిలకలు

రిటైరై ఆరేళ్ళయినా నెలకొకసారి మ్యూజియానికి పోయి వస్తూనే ఉంటాను. తిరుపతిలో చిన్న మ్యూజియం అది. పాత గుడ్డలు, తాళపత్రాలు ఉండే గోదామును చాలా ఏళ్ళు నేనే చూసుకున్నాను. కిందటి నెల పోయేసరికి కొత్త హాలు తెరిచి ఉంది. తూర్పు కిటికీకి ఎదురుగా, తెల్లటి దీపాల కింద, మా పాత కాళహస్తి కలంకారీ గుడ్డ వేలాడుతోంది. పక్కన చీటీ మీద "అంచున పాలపిట్టల వరుస" అని రాసి ఉంది.

తెలంగాణ నుంచి వచ్చిన యాత్రికురాలు ఒకావిడ, గుండు మీద చందనం ఇంకా ఆరలేదు, ఆ గుడ్డకు దండం పెడుతోంది.

"దసరా నాడు ఒక్క పాలపిట్ట కనవడుడే కష్టం. గీడ జూడు, పద్నాలుగున్నయ్!" అంటోంది తోడు వచ్చిన చెల్లెలితో.

నాకు నవ్వు రాలేదు. ఎంత నీలంగా కనబడినా అవి పాలపిట్టలు కావు. చిలకలు.

ఇంటికి వచ్చి, ఆ గుడ్డ మాకు చేరిన ఏటి డైరీ తీశాను. నా రాతే. "కాళహస్తి గుడ్డ వచ్చింది. పొడవు ఏడు మూరలు. కింది అంచున పచ్చ చిలకలు, పద్నాలుగు. ఎడమ పక్క జానెడు వెడల్పున లోపలికి మడిచి కుట్టి ఉంది. ఎలుక కొట్టిన చోటు ఒకటి."

మరునాడు ఆ డైరీతో పాటు మిగతా ఏళ్ళవీ సంచిలో వేసుకుని, తలుపులు తెరిచే వేళకు పోయాను. నాతోపాటు గోదాములో పనిచేసిన అటెండరు గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏం సామీ, రిటైరైనోళ్ళు అలిపిరి మెట్లెక్కతారు. నువ్వేమో ఈ మెట్లే పట్టుకోనుండావు!"

"ఆ గుడ్డ దించాలప్పా. నిచ్చెన సూసి పెట్టు."

"మేడమ్ని అడిగినావా?"

"అడిగేదానికే వచ్చినా."

క్యూరేటరు మేడం చిత్తూరు మనిషి. వచ్చి ఏడాదయింది. ఏదీ ఊరికే ఒప్పుకోదు, ఊరికే కాదనదు. డైరీ పేజీ రెండుసార్లు చదివింది.

"పచ్చ అని రాసినారు సార్. పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

గుడ్డను మూరలతో కొలిచినవాణ్ణి, ఎలుక కొట్టిన చోటు కూడా వదలనివాణ్ణి, రంగు దగ్గర ఒక్క మాటతో సరిపెట్టాను. మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. చిలక అన్నాక ఇంకే పచ్చ అనుకుని ఉంటాను.

"ఆకుపచ్చేనమ్మా. కలంకారీలో నీలం మీద పసుపు పూస్తేనే ఆకుపచ్చ వచ్చేది. వెలుతురుకు పసుపు ముందు పోతాది. నీలం మిగిలిపోతాది."

"ఈ దీపాలు పెట్టి నెల గూడా కాలేదు సార్. నేను వచ్చేసరికే అవి నీలంగా ఉండాయి. మరి పోగొట్టిందెవరు?"

మిగతా డైరీలు సంచిలోనే ఉన్నాయి. వాటిని తీయకుండా ఇంటికి పోవచ్చు. పోతే గుడ్డ ఆ కిటికీ ఎదురుగానే ఉంటుంది. తీసి బల్ల మీద పెట్టాను.

ఏటా రథసప్తమి మరునాటి పేజీలో ఒకే వాక్యం. "గుడ్డలన్నీ మిద్దె మీద ఎండకు వేశాం. పురుగు లేదు." మా అమ్మ పట్టుచీరలకు చేసినట్టే నేనూ చేశాను. చేసిన ప్రతిసారీ కింద గీత గీసి మరీ రాసుకున్నాను.

"నేనే పోగొట్టినానమ్మా. ఉద్యోగం చివరి ఏడాది శిక్షణకు పోయినప్పుడు తెలిసింది, ఎండకు రంగు పోతాదని. ఎండకు వేసేది మానేసినా. ఎందుకు మానేసినానో యాడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పుంటే మీరు దీన్ని కిటికీ కాడ పెట్టుండరు."

వాకిలి దగ్గర నిలబడిన అటెండరు లోపలికి వచ్చాడు. "మిద్దె మీదికి మోసింది నేను మేడమ్. సామి ఒక్కడే గాదు."

ఆమె డైరీలు మూసి నా వైపు జరిపింది. "మీ మాట నమ్ముతా సార్. కానీ హాలు తెరిచిందే ఈ గుడ్డ కోసం. హాల్లోంచి తీసేయాలంటే పై ఆఫీసుకు రాయాల. పచ్చ అనే ఒక్క మాట చాలదు."

"అయితే మడత విప్పుదాం. అది మా దగ్గరికి రాకముందు కుట్టిన మడత. దాని లోపలికి ఎండ పోలేదు."

చూసేదానికి ఒక పూట దించొచ్చంది మేడం. అటెండరు కిటికీకి దుప్పటి కట్టాడు. ముగ్గురం గుడ్డను దించి బల్ల మీద పరిచాం. ఆమె చిన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టూ తెంపింది. నేను మడత అంచు పట్టుకున్నాను. గుడ్డ కదలకుండా మోచేతులు బల్లకు ఆనించాను. చివరి కుట్టు తెగాక మెల్లగా తెరిచాం.

లోపల ఇంకో చిలక ఉంది. ఎర్రటి ముక్కు, వరి నారు రంగు రెక్కలు.

"ఓర్నీ!" అన్నాడు అటెండరు. "ఇన్నేళ్ళూ ఈడ దాంకోనుండావా!"

మేడం తనంతట తానే దాని మీద తెల్లగుడ్డ కప్పింది.

ఫైలు కదలడానికి మూడు వారాలు పట్టింది. నేను రోజూ పోయాను. ఇప్పుడా గుడ్డ గాలి చొరని సంచిలో, చీకటి సొరుగులో ఉంది. సంచిలో ఇనుప పొడి పొట్లాలు పెట్టాం. అవి లోపలి గాలిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి. పురుగు బతకదు, ఉన్న రంగు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది, మిద్దె ఎక్కాల్సిన పని లేదు. హాల్లో దాని ఫొటో పెట్టారు. చీటీ నన్నే రాయమంది మేడం.

"అంచున ఆకుపచ్చ చిలకలు, పదిహేను. వాటిలో పద్నాలుగింటి పసుపు ఎండకు పోయింది" అని రాసిచ్చాను.

"ఎండకు వేసిందెవరో రాయొద్దా సార్?" అంది నవ్వుతూ.

ఆమె నవ్వులాటకే అన్నా, నేను కాగితం వెనక్కి తీసుకుని "ఎండకు వేసింది మేమే" అని చేర్చాను.

అటెండరు నా భుజం మీదుగా చదివాడు. "మేమే అంటే నన్నూ కలిపినావా సామీ?"

"మోసింది నువ్వే గదప్పా."

"మోసింది మోసినా. మళ్ళా దించింది గూడా నేనే. అది గూడా రాయి."

రాశాను.