కోతకు ముందటి వెలుగు

అచ్యుత్ ఖమ్మంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తూ పని తనే నేర్చుకున్నాడు. 2023లో చదువుకోవడానికి కెనడాలోని విండ్సర్ వచ్చాడు. క్లాసులు లేని రోజుల్లో ఎరీ సరస్సు ఒడ్డున, ఒక ఇటలీ ముసలాయన ద్రాక్షతోటలో వైన్ గ్లాసులు కడిగేవాడు.

అతని ఫోటోలు చూసి ముసలాయన ఒక మాట ఇచ్చాడు. కోతకు ముందు, సాయంత్రపు వెలుగులో తోటను బాగా తీస్తే, ఆ పంట వైన్ సీసాల మీద ఆ ఫోటోనే వేస్తాను, కింద నీ పేరుతో అన్నాడు. సెప్టెంబరంతా వానలే. ఎండ కాసింది ఒక్క శనివారం. ఆదివారమే కోత.

ఆ శనివారమే భరద్వాజ్ పన్నెండు మందిని వ్యాన్‌లో తెచ్చి తోటలో దింపాడు. ఐటీ ఉద్యోగి, వారాంతాల్లో ‘ఇటలీ తరహా ఫోటోగ్రఫీ, వైన్ టూర్’ నడుపుతాడు. వాళ్లకు ఫోటోలు తీయడం నేర్పే పని అచ్యుత్‌ది.

"అన్నా, ముందు ఫోటోలు. తాగుడు తర్వాత" అన్నాడు అచ్యుత్.

"టేస్టింగ్ అను తమ్ముడూ, తాగుడేంది! రెండు సిప్‌లు పడితేనే మూడ్ వస్తది."

వైన్ రుచి చూసేవాళ్లు నోట్లో తిప్పి పక్కనున్న బకెట్‌లో ఉమ్మేస్తారు. అది ఆ పని పద్ధతి. అచ్యుత్ చేసి చూపించాడు.

"ఛీ, అందరి ముందు ఎంగిలి ఉమ్మాలా?" అంది కమలకుమారి ఆంటీ.

"పైసలిచ్చి కొన్నది ఉమ్మేస్తమా?" అన్నాడు ఆమె భర్త పాండురంగ.

ఎనిమిది రకాలూ అందరూ మింగారు. బకెట్ పొడిగానే ఉంది.

తర్వాత కెమెరాలతో తోట మీద పడ్డారు. ఒకాయన లెన్స్ మూత తీయకుండానే ఇరవై ఫోటోలు తీశాడు. మిగతావాళ్లు గుత్తులు తెంపి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. వెలుగు ఆకుల అంచులకు దిగింది. అది పావుగంటకు మించి ఉండదు. అచ్యుత్ స్టాండ్ బిగించాడు. సరిగ్గా అతను గురిపెట్టిన తీగల వరసలోనే పాండురంగ వంగి, తీగ మొదట్లో భళ్లున కక్కాడు. చుట్టూ జనం మూగారు. ఇద్దరు వీపు నిమిరారు, నలుగురు వీడియో తీశారు.

"ఫోటో కొట్టెయ్ తమ్ముడూ, ఫోటోషాప్‌లో అంతా లేపేద్దాం" అన్నాడు భరద్వాజ్.

"లేపేస్తే అది ఈ తోట ఎట్లయితదన్నా? రేపు పొద్దున ఆ గుత్తులను చేతులతో కోస్తరు."

అచ్యుత్ కెమెరా మూసి, పైపు లాక్కొచ్చి, ఆ నేలంతా కడిగాడు. కడిగేసరికి వెలుగు పోయింది. వరండాలోంచి చూస్తున్న ముసలాయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పంట సీసాలకెక్కినప్పుడు, వాటి మీద ఎవరో తీసిన ఇటలీ కొండల ఫోటో కొని వేశారు. భరద్వాజ్ దాన్ని టూర్ వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘మన టూర్‌లో తీసిందే’ అని రాశాడు. పన్నెండు మందీ మెచ్చుకున్నారు. అచ్యుత్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు.